డిష్షు ఉంచాలా, ఫైబర్‌కు మారాలా? కోనసీమ ఇంటి లెక్క

డాబా మీద డిష్షు పెట్టుకుని టీవీ చూసే పద్ధతి మన దేశంలో మొదలై రెండు దశాబ్దాలు దాటింది. 2003లో డిష్ టీవీ, 2004 డిసెంబరులో దూరదర్శన్ ఉచిత డీటీహెచ్, 2006లో టాటా స్కై వచ్చాయి. ఆ తర్వాత సన్ డైరెక్ట్, ఎయిర్‌టెల్, వీడియోకాన్ చేరాయి. కేబుల్ తీగ చేరని లంక ఊళ్లలో, తోటల మధ్య విడివిడిగా ఉన్న ఇళ్లలో స్పష్టమైన బొమ్మ కనబడింది ఈ గొడుగు వల్లే. ఇప్పుడు గాలి మళ్లింది. దేశంలో డబ్బు కట్టి డీటీహెచ్ చూసే కనెక్షన్లు 2020 చివరలో సుమారు 7 కోట్లు ఉండేవి. 2025 మార్చి నాటికి అవి 5.7 కోట్ల దగ్గరకు దిగాయని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కలు చెబుతున్నాయి. మానుకున్నవారిలో కొందరు దూరదర్శన్ ఉచిత డిష్షుకు వెళ్లారు, కొందరు ఇంటర్నెట్ మీద టీవీకి మళ్లారు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లోనూ డిష్షు మానేద్దామా అన్న ఆలోచన చాలా ఇళ్లలో నడుస్తోంది. పిల్లల చదువుకో, ఇంటి నుంచి చేసే ఉద్యోగానికో ఇంటర్నెట్ ఎలాగూ పెట్టించారు, ఇంకా డిష్షుకు విడిగా రీఛార్జి ఎందుకన్నది మొదటి ప్రశ్న. హైదరాబాదు అపార్ట్‌మెంటులో దీనికి జవాబు తేలిక. గోదావరి పాయల మధ్య, సముద్రం పక్కన, కొబ్బరి చెట్ల కింద ఉన్న ఇంటికి మాత్రం లెక్క వేరు. ఇక్కడ వానను, గాలివానను, వరదను, కరెంటును కూడా కలుపుకుని చూడాలి.

మోరిలో మొదలైన ఫైబర్

ఈ విషయంలో కోనసీమ వెనకబడిన ప్రాంతమేమీ కాదు. రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్ గ్రిడ్ పథకం మొదట ఊరంతటికీ అందిన చోటు సఖినేటిపల్లి మండలంలోని మోరి. జీడిపప్పు పరిశ్రమకు పేరున్న ఈ ఊరు అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన సాలమన్ డార్విన్ సొంతూరు. ఆయన చొరవతో మోరిని స్మార్ట్ విలేజ్ ప్రయోగానికి ఎంచుకున్నారు. 2016 డిసెంబరు చివరలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అక్కడ ఇంటింటి ఫైబర్ కనెక్షన్లను ప్రారంభించారు. ఏడాది తర్వాత, 2017 డిసెంబరు 27న, అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఏపీ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితం చేశారు. 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, సుమారు 250 టీవీ ఛానెళ్లు, ఒక ఫోను, మూడూ కలిపి నెలకు 149 రూపాయలన్నది అప్పటి ప్రకటన. తర్వాత ధరలు పెరిగాయి, ప్యాకేజీలు మారాయి. ఒకే తీగ మీద ఇంటర్నెట్, టీవీ కలిసి వస్తాయన్న సంగతి మాత్రం పల్లెటూరి జనానికి ఆ పథకంతోనే తెలిసింది.

ఫైబర్‌నెట్ తీగను చాలావరకు భూమిలో పాతలేదు. కరెంటు స్తంభాల మీదుగా లాగి, సబ్‌స్టేషన్లలో పరికరాలు పెట్టారు. అక్కడి నుంచి ఇంటికి చేర్చే పని స్థానిక కేబుల్ ఆపరేటర్లకు అప్పగించారు. ఖర్చు తగ్గింది, పని త్వరగా అయింది. అదే సమయంలో ఫైబర్ తీగ భవిష్యత్తు కరెంటు స్తంభంతో ముడిపడింది. ఈనాడు ఊళ్లలో కనెక్షన్లు ఇస్తున్న ప్రైవేటు కంపెనీల తీగల్లోనూ చాలా భాగం ఇలా స్తంభాల మీదే ఉంటుంది. కోనసీమలో మారాలా వద్దా అన్న ప్రశ్నకు ఇదే కీలకం.

డిష్షుకు బొమ్మ ఎలా అందుతుంది

డీటీహెచ్ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు ఎగువన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. భూమితో సమానంగా తిరుగుతాయి కాబట్టి మనకు ఆకాశంలో ఒకే చోట నిలిచినట్టే లెక్క. డిష్షును ఒకసారి సరిగ్గా బిగిస్తే చాలు. ఉపగ్రహానికీ డిష్షుకూ మధ్య చూపుకు అడ్డం ఉండకూడదు, అంతే.

కోనసీమలో ఆ అడ్డం పేరు కొబ్బరి చెట్టు. టాటా ప్లే (పాత టాటా స్కై) వాడే ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నాయి. అమలాపురం కూడా దాదాపు అదే రేఖాంశం దగ్గర ఉంది కాబట్టి డిష్షు ఇంచుమించు తిన్నగా దక్షిణానికి, ఆకాశంలో 70 డిగ్రీల ఎత్తుకు చూస్తుంది. డిష్షు కంటే 15 మీటర్లు ఎత్తున్న చెట్టు దక్షిణం వైపు ఐదారు మీటర్ల లోపు ఉంటేనే ఆ చూపుకు అడ్డు వస్తుంది. బాగా తూర్పున, 108 డిగ్రీల దగ్గర ఉన్న ఉపగ్రహానికైతే డిష్షు తూర్పు ఆగ్నేయంగా తిరిగి, 54 డిగ్రీల ఎత్తుకే చూడాలి. అప్పుడు పది పదకొండు మీటర్ల దూరంలోని చెట్టు కూడా అడ్డే. అందుకే పక్కపక్క ఇళ్లలో ఒకరికి బాగా వచ్చే కంపెనీ ఇంకొకరికి రాదు. పెట్టినప్పుడు బాగా వచ్చిన సిగ్నల్ నాలుగేళ్లకు పాడైందంటే, ఈలోపు మొక్క ఎదిగి మట్టలు అడ్డం వచ్చాయేమో చూసుకోవాలి.

రెండో అడ్డం వాన. డీటీహెచ్ సిగ్నల్ కేయూ బ్యాండ్ అనే తరంగాల మీద వస్తుంది. పెద్ద చినుకులు, దట్టమైన మేఘం ఆ తరంగాలను పీల్చేసి చెదరగొడతాయి. బొమ్మ ముందు గడులు గడులుగా విడిపోయి, తర్వాత ‘సిగ్నల్ లేదు’ అన్న మాట తెర మీద పడుతుంది. ఇది సాధారణంగా కుండపోత సాగినంతసేపే ఉంటుంది. వాన జోరు తగ్గగానే బొమ్మ దానంతటదే తిరిగి వస్తుంది, ఎవరినీ పిలవనక్కర్లేదు. ముసురుకు పెద్దగా ఇబ్బంది ఉండదు. తీరం దగ్గర ఊళ్లలో ఉప్పుగాలికి డిష్షు, దాని బిగింపులు, తీగ కలిసే చోటు తుప్పు పడతాయి. చిన్న వానకే సిగ్నల్ పోతోందంటే అసలు లోపం ఆ తుప్పులోనో, పక్కకు జరిగిన డిష్షులోనో ఉండవచ్చు. అలాంటప్పుడు కంపెనీ మార్చేముందు మెకానిక్‌తో ఒకసారి సరిచేయించి చూడటం మంచిది.

ఇంటర్నెట్ టీవీలో రకాలు

‘ఇంటర్నెట్ టీవీ’ అని కలిపి చెప్పేదానిలో నిజానికి వేర్వేరు ఏర్పాట్లున్నాయి. వీటి తేడా తెలియక చాలామంది మోసపోయామనుకుంటారు.

మొదటిది ఐపీటీవీ. బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే కంపెనీయే తన సొంత తీగల్లో టీవీ ఛానెళ్లను పంపి, ఇంట్లో సెట్‌టాప్ బాక్సు ఇస్తుంది. ఏపీ ఫైబర్‌నెట్‌ది ఈ పద్ధతే. ఎయిర్‌టెల్ 2025 మార్చిలో ఈ సేవను దేశంలోని చాలా నగరాల్లో మొదలుపెట్టింది. ఛానెల్ నంబరు నొక్కితే ఛానెల్ వస్తుంది, కేబుల్ చూసినట్టే ఉంటుంది. పెద్దవాళ్లకు ఇది సులువు.

రెండోది యాప్‌లు. జియోహాట్‌స్టార్, జీ5, సన్ నెక్స్ట్, ఈటీవీ విన్, ఆహా వంటివి. వీటికి స్మార్ట్ టీవీ గాని, మామూలు టీవీకి తగిలించే పరికరం గాని కావాలి. సీరియల్ ఏ వేళకైనా చూసుకోవచ్చు, థియేటర్లో ఆడిన సినిమాలు కొన్ని వారాల్లోనే ఇందులోకి వస్తాయి. ఒక యాప్‌లో ఉన్నది ఇంకొకదానిలో ఉండదు. స్టార్ మా కార్యక్రమాలకు ఒకటి, జెమినీవి చూడాలంటే ఇంకొకటి, ఈటీవీకి మరొకటి. ఇలా అన్నిటికీ చందా కట్టాక చూసుకుంటే డిష్షు చవకన్న సంగతి తెలుస్తుంది.

ఇంటర్నెట్ ఇంటికి చేరే దారిలోనూ తేడా ఉంది. గాజు పోగు తీగ నేరుగా ఇంట్లోకి వస్తే అది ఫైబర్. టవరు నుంచి 5జీ సిగ్నల్‌ను డాబా మీది పెట్టె అందుకుంటే అది ఎయిర్‌ఫైబర్. జియో దీన్ని 2023 సెప్టెంబరులో మొదలుపెట్టింది. పేరులో ఫైబర్ ఉన్నా తీగ ఉండదు కాబట్టి టవరు ఎంత దూరం, మధ్యలో తోట ఎంత దట్టం, సాయంత్రం ఆ టవరు మీద ఎంతమంది ఉన్నారన్నది ఇక్కడ లెక్కలోకి వస్తుంది. తడిసిన ఆకులు ఈ సిగ్నల్‌నూ తగ్గిస్తాయి.

ఫోనులో రోజుకు వచ్చే డేటాతో ఇంటి టీవీ నడపడం కుదరదు. హెచ్‌డీ నాణ్యతలో గంట చూస్తే 2 నుంచి 3 జీబీ అయిపోతుంది. రోజుకు ఐదు గంటలు టీవీ నడిచే ఇంట్లో నెలకు 300 నుంచి 450 జీబీ కావాలి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు అది పెద్ద భారం కాదు. ఒక టీవీకి హెచ్‌డీ బొమ్మ ఆగకుండా రావాలంటే నిలకడైన 5 నుంచి 8 ఎంబీపీఎస్ చాలు. ప్రకటనలో వంద ఎంబీపీఎస్ ఉందా, రెండు వందలుందా అన్నదానికంటే రాత్రి ఎనిమిది గంటలకు ఆ వేగం నిలుస్తుందా అన్నది ముఖ్యం.

గాలివాన, వరద, కరెంటు

టీవీ అన్నిటికంటే అవసరమయ్యేది తుపాను రోజున. ఆ రోజు ఏది పనిచేస్తుందో ముందే ఆలోచించుకోవాలి.

1996 నవంబరు 6 తుపానుకు కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి, ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉండిపోయాయి. 2018 డిసెంబరు 17న పెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం సమీపంలో తీరాన్ని తాకింది. ఇలాంటి గాలికి చెట్టు విరిగి స్తంభం మీద పడితే కరెంటు తీగతోపాటు ఫైబర్ కూడా తెగుతుంది. కరెంటు వచ్చాక కూడా ఫైబర్ వెంటనే రాదు. తెగిన చోటు వెతికి, వెంట్రుకంత గాజు పోగును యంత్రంతో అతికించాలి, ఆ పనివాళ్లు కొద్దిమందే ఉంటారు. మామూలు రోజుల్లోనూ కొబ్బరి దింపు తీసేటప్పుడు గెల పడో, మట్ట పడో ఇంటికొచ్చే తీగ తెగడం ఇక్కడ కొత్తేమీ కాదు.

డిష్షుకు గాలి భయం వేరేలా ఉంటుంది. బిగింపు వదులైతే పక్కకు తిరిగిపోతుంది, బాగా గట్టి గాలికి వంగిపోతుంది. కానీ నష్టం ఆ ఇంటివరకే. గాలి తగ్గాక డిష్షును సరిచేసి, ఇన్వర్టరు మీద టీవీ పెట్టుకుంటే ఊళ్లో స్తంభాలు లేవకపోయినా వార్తలు వస్తాయి. ఇంటర్నెట్ టీవీకి ఇంట్లో ఇన్వర్టరు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఊళ్లోని ఆపరేటర్ గదిలో, సబ్‌స్టేషన్ దగ్గర, టవరు దగ్గర కూడా బ్యాటరీ నిలవాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా బొమ్మ ఆగుతుంది.

వరద సంగతి కూడా అంతే. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలను నీరు చుట్టేసింది. పడవ తప్ప దారి లేని చోటికి తీగ అతికే మనిషి రావడానికి రోజులు పడుతుంది.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్‌ను చాలా రోజులు ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు సిగ్నల్ ఉన్న ఊళ్లు వెతుక్కుంటూ పోవాల్సి వచ్చింది. ఫోను డేటా మీద ఆధారపడిన టీవీ అలాంటప్పుడు మూగబోతుంది. ఉపగ్రహం నుంచి నేరుగా వచ్చే ఛానెళ్లకు ఆ ఇబ్బంది లేదు.

ఖర్చు సరిగ్గా వేసుకోవడం

డిష్షు బిల్లులో రెండు భాగాలుంటాయి. ఒకటి నెట్‌వర్క్ ఛార్జీ. 2019 ఫిబ్రవరి 1న అమలైన ట్రాయ్ నిబంధనల ప్రకారం మొదటి వంద ఛానెళ్లకు ఇది 130 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. తర్వాత అదే సొమ్ముకు 200 ఛానెళ్లు ఇవ్వాలన్నారు. 2024 జులైలో ఈ ఛార్జీ మీద పరిమితి ఎత్తేసి, ధర కంపెనీలకే వదిలేశారు. రెండో భాగం పే ఛానెళ్ల ధర. చూడని ఛానెళ్లు ప్యాక్‌లో ఉండిపోవడం వల్లే చాలామంది బిల్లు పెరుగుతుంది. నాలుగు తెలుగు వినోద ఛానెళ్లు, సినిమా ఛానెళ్లు, పిల్లల ఛానెల్ ఒకటి, ఆటల ఛానెల్ ఒకటి ఉంచుకుని మిగతావి తీసేస్తే కొన్ని ఇళ్లలో కంపెనీ మార్చే అవసరమే ఉండదు.

బ్రాడ్‌బ్యాండ్ ప్రకటనల్లో ధర సాధారణంగా జీఎస్టీ లేకుండా ఉంటుంది. 599 అని రాసిన ప్లాను చేతికొచ్చేసరికి దాదాపు 707 రూపాయలు. ఆరు నెలలో ఏడాదో ముందే కడితే రౌటరు, పెట్టె, అమరిక ఉచితమంటారు. నెలనెలా కట్టేవారికి అమరికకు వేరే సొమ్ము ఉండవచ్చు. మధ్యలో మానేస్తే ముందు కట్టింది తిరిగి వస్తుందా, పెట్టె వాపసు ఇవ్వాలా అన్నది అడిగి తెలుసుకోవాలి.

ఇంట్లో ఇంటర్నెట్ అవసరం ముందే ఉంటే లెక్క ఫైబర్ వైపు మొగ్గుతుంది. ఎలాగూ కడుతున్న సొమ్ములోనే టీవీ కలిసి వస్తుంది, డిష్షు రీఛార్జి మిగులుతుంది. ఇద్దరు పెద్దవాళ్లు మాత్రమే ఉండి, ఫోను డేటాతో సరిపెట్టుకుంటున్న ఇంట్లో కేవలం టీవీ కోసం బ్రాడ్‌బ్యాండ్ పెట్టించడం దండగ. రాజోలు, మలికిపురం వైపు గల్ఫ్‌లో ఉన్నవారి ఇళ్లు ఏడాదిలో చాలా నెలలు తాళం వేసి ఉంటాయి. ఆ ఇళ్లకు ఏడాది ప్లాను నష్టమే, వచ్చినప్పుడు రీఛార్జి చేసుకునే డిష్షే నయం. రెండు మూడు టీవీలున్న ఇంట్లో రెండో టీవీకి డిష్షు అయినా, ఐపీటీవీ అయినా విడి బాక్సు, విడి రుసుము ఉంటుంది. యాప్‌లలో ఒక చందాకు ఒకేసారి ఎన్ని తెరలు నడుస్తాయో పరిమితి ఉంటుంది.

చూసేవాళ్ల అలవాటు

ఇంట్లో టీవీ ఎక్కువగా ఎవరు చూస్తారన్నది ధర కంటే తక్కువ విషయం కాదు. నంబరు నొక్కి సీరియల్ పెట్టుకునే పెద్దావిడకు యాప్ తెరవడం, పాస్‌వర్డ్ కొట్టడం, బొమ్మల వరసల్లో వెతకడం శ్రమ. ఆమె రోజంతా చూసే పెట్టెను పిల్లల సౌకర్యం కోసం మార్చి, ఆ తర్వాత ప్రతిదానికీ మనవడిని పిలవాల్సిన పరిస్థితి తేకూడదు. ఐపీటీవీ పెట్టెలో అయితే ఈ కష్టం తక్కువ.

క్రికెట్ చూసేవారికి ఇంకో తేడా కనబడుతుంది. యాప్‌లో ప్రత్యక్ష ప్రసారం డిష్షు కంటే అర నిమిషం దాకా వెనక నడవవచ్చు. పక్కింట్లో కేకలు విన్నాక మనింట్లో సిక్సర్ పడుతుంది. కోరుకున్నప్పుడు ఆపి, వెనక్కి తిప్పి, పాత ఎపిసోడ్లు చూసుకునేవారికి మాత్రం ఇంటర్నెట్ టీవీకి సాటి లేదు.

మార్చేముందు అడగాల్సినవి

ఫైబర్ కనెక్షన్ తీసుకోవాలనుకునేవారు కంపెనీ పేరు కంటే ముందు మన వీధిలో అదే తీగ మీద ఉన్న ఇళ్లను అడగాలి. తీగ తెగితే ఎన్నాళ్లకు వచ్చారు, రాత్రి వేళ బొమ్మ ఆగి చక్రం తిరుగుతుందా, గత తుపాను తర్వాత ఎన్ని రోజులకు తిరిగి వచ్చింది అన్నవి తెలిస్తే చాలావరకు నిర్ణయం తేలిపోతుంది. మరమ్మతు మనిషి ఉండేది ఊళ్లోనా, అమలాపురంలోనా, రాజమండ్రిలోనా అన్నది కూడా అడగాలి. ఇంటికొచ్చే తీగ కొబ్బరి చెట్టు కింద నుంచి పోకుండా, వీలైతే గోడ వెంట గొట్టంలో లాగమని అమరిక రోజే పట్టుబట్టాలి. రౌటరుకు చిన్న బ్యాటరీ బ్యాకప్ కొనుక్కుంటే కరెంటు కోతల్లో పనికొస్తుంది. ఛానెళ్ల జాబితాను ముందే తెప్పించుకుని, ఇంట్లో రోజూ చూసేవి అందులో ఉన్నాయో లేదో గీత గీసి చూసుకోవాలి.

ఏ ఇంటికి ఏది

అమలాపురం, రావులపాలెం, రాజోలు, కొత్తపేట వంటి చోట్ల ఫైబర్ వీధిలోకి వచ్చి, మరమ్మతు మనిషి అందుబాటులో ఉండి, ఇంట్లో చదువుకునే పిల్లలో ఉద్యోగులో ఉంటే మారడం మంచిదే. పెట్టెతో కూడిన ఐపీటీవీ తీసుకుని, యాప్‌లలో నిజంగా చూసేది ఒకటి ఉంచుకుంటే సరిపోతుంది. లంక గ్రామాలకు, అంతర్వేది, ఓడలరేవు వైపు తీరం ఊళ్లకు, తోట మధ్యలో ఒంటరిగా ఉన్న ఇళ్లకు ఇప్పటికైతే డిష్షే నమ్మకమైనది. తీగ ఒంటరిగా కిలోమీటరు నడిచి వచ్చే చోట అది ఎన్నిసార్లు తెగుతుందో చెప్పలేం. ఎయిర్‌ఫైబర్ ఒక్కటే దారి అయిన ఊళ్లలో నెల ప్లాను మీద పరీక్షించి చూశాకే ఏడాది సొమ్ము కట్టాలి.

ఎవరు మారినా ఒక జాగ్రత్త తప్పదు. ఫైబర్ వచ్చిన రోజే డిష్షు దింపేయకండి. ఒక వర్షాకాలం, అక్టోబరు నవంబరు తుపానుల కాలం గడిచేదాకా దాన్ని అక్కడే ఉంచండి. నెలనెలా రీఛార్జి ఆపేసినా, డిష్షును దూరదర్శన్ ఉపగ్రహం వైపు తిప్పించి, ఉచిత డిష్షు పెట్టె ఒకటి పెట్టుకోండి. దానికి నెల రుసుము లేదు. తెలుగువారు రోజూ చూసే పెద్ద వినోద ఛానెళ్లు చాలావరకు అందులో రావు గాని దూరదర్శన్ తెలుగు ఛానెల్ సప్తగిరి వస్తుంది. తీగలన్నీ తెగిన రాత్రి తుపాను ఎటు పోతోందో తెలుసుకోవడానికి ఆ ఒక్క ఛానెల్ చాలు.